గర్భసంచి తీయించుకునే ముందు చేయించుకోవాల్సిన పరీక్ష

ప్రశ్న: డాక్టర్‌గారికి నమస్కారం. మాది గాజువాక. నాకు 41 ఏళ్లు. ఇద్దరు పిల్లలు. రెండో కాన్పుతోనే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నాను. మా తోటికోడలికి 46 ఏళ్లు. ఈమధ్యే ఆవిడకు గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సర్ అని, మూడో స్టేజి అని చెప్పారు. అగనంపూడి ఆసుపత్రిలో కరెంటు (రేడియేషన్) పెడుతున్నారు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఏడాదిగా నాకు తెల్లబట్ట అవుతోంది. ఈమధ్య రెండు మూడుసార్లు మేం కలిశాక రక్తపు మరక కనిపించింది. ఈ సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు. దగ్గర్లో ఒక క్లినిక్‌కి వెళ్తే స్కానింగ్ తీసి, 'ముఖద్వారానికి పుండు పడింది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది, పిల్లలు పుట్టేశారు కదా, సంచి తీయించేసుకోండి' అన్నారు. వచ్చే నెల డేటు ఇచ్చి అడ్వాన్స్ కట్టమన్నారు. మా వీధిలోనే నలుగురు తీయించుకున్నారు. మా అత్తగారికి 61. ఆవిడ మా తోటికోడలి కంచం, గ్లాసు వేరుగా పెట్టారు. 'నడవడిక బాగోలేని వాళ్లకే ఈ జబ్బు' అని పక్కింటివాళ్లతో అంటున్నారు. మొన్న వార్డు సచివాలయం నుంచి ఏఎన్ఎం వచ్చి క్యాన్సర్ పరీక్షకు రమ్మంటే సిగ్గుపడి నేనూ అత్తగారూ వద్దని పంపేశాం. మా పాపకు 13 ఏళ్లు. ఈ క్యాన్సర్ రాకుండా టీకా వేయించమంటున్నారు, భయంగా ఉంది. నన్ను ఆపరేషన్ చేయించుకోమంటారా?
(గాజువాక నుంచి ఒక సోదరి)

సమాధానం: అమ్మా, అడ్వాన్స్ ఇంకా కట్టకపోతే కట్టకండి. కట్టేసి ఉంటే ఆ డేటు వాయిదా వేయించండి. ఆపరేషన్ ఎప్పటికీ వద్దని నేను చెప్పడం లేదు. మీకు అసలు ఏముందో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. చూడకుండా తీయించుకోవద్దంటున్నాను.

ఈ వారంలోనే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. కూర్చోగానే ముందు ఆ రక్తపు మరక సంగతి చెప్పండి. చాలామంది నడుంనొప్పితో మొదలుపెట్టి, నీరసం గురించి చెప్పి, తీరా లేచి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర అసలు మాట చెబుతారు. మీరు అలా చేయకండి. భార్యాభర్తలు కలిశాక రక్తం కనిపించడం, నెలసరికీ నెలసరికీ మధ్య రక్తం పోవడం, ముట్లు ఆగిపోయాక మళ్లీ కనిపించడం, ఈ మూడింటిలో ఏదున్నా డాక్టర్ స్వయంగా ముఖద్వారాన్ని చూసి తీరాలి. దీనికి కారణం క్యాన్సరే కానక్కర్లేదు. ఇన్ఫెక్షన్ వల్ల రావచ్చు, పాలిప్ అనే చిన్న కండ పెరిగినా రావచ్చు. ఎక్కువమందిలో చివరికి తేలేది ఇలాంటివే. కానీ అది చూసి తేల్చాల్సిన సంగతి, ఊహించి చెప్పేది కాదు.

మీ ఉత్తరం చదువుతూ స్కానింగ్ మాట దగ్గర ఆగిపోయాను. పొట్ట మీద జెల్లీ రాసి తీసే స్కానింగ్‌లో గర్భసంచి సైజు తెలుస్తుంది, గడ్డలుంటే తెలుస్తుంది, అండాశయాల్లో నీటి తిత్తులుంటే తెలుస్తుంది. ముఖద్వారం పైపొర మీద ఉన్న మార్పు అందులో తెలియదు. దాన్ని కంటితో చూడాలి. ఇక ఆ 'పుండు' అనే మాట. మన జిల్లాల్లో ఎన్ని గర్భసంచులు ఈ ఒక్క మాటకు పోయాయో! ముఖద్వారం లోపలి పొర ఎర్రగా, మెత్తగా ఉంటుంది. పిల్లల్ని కన్నవాళ్లలో, హార్మోన్ల ప్రభావం వల్ల, అది కొంచెం బయటి వైపుకి కనిపిస్తుంది. చూడటానికి పుండులా ఉంటుంది గానీ పుండు కాదు. చాలామందిలో అది మామూలు విషయం, మందు కూడా అక్కర్లేదు. దాన్ని చూసి క్యాన్సర్ అవుతుందని చెప్పడం తప్పు. నిజంగా క్యాన్సర్ పుండే అయితే, దాని నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపకుండా మామూలు ఆపరేషన్‌తో సంచి తీసేయడం ఇంకా పెద్ద తప్పు.

నేను సర్వీసులో ఉన్నప్పుడు భీమిలి వైపు నుంచి ఒకామె వచ్చింది. చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగే మనిషి, 38 ఏళ్లు. మా దగ్గరికి వచ్చేసరికి వేరే చోట సంచి తీయించుకుని ఎనిమిది నెలలైంది. మళ్లీ రక్తం పోతోంది. ఆపరేషన్‌కి ముందు ముక్క పరీక్ష జరగలేదు. తీసిన సంచిని ల్యాబ్‌కి పంపిన కాగితం కూడా లేదు. 'సంచే తీసేశారు కదమ్మా, క్యాన్సర్ ఎక్కడి నుంచి వచ్చింది?' అని అడిగింది. కొత్తగా రాలేదు. ఆపరేషన్ నాటికే ఉంది. ముఖద్వార క్యాన్సర్‌కి ఆపరేషన్ చేయాలంటే సంచితో పాటు దాని చుట్టూ ఉన్న కణజాలాన్ని, లింఫు గ్రంథుల్ని కూడా తీయాలి. అది వేరే ఆపరేషన్, వేరే నైపుణ్యం. మామూలుగా తీసేస్తే జబ్బు కొంత లోపలే మిగిలిపోతుంది, తర్వాత వైద్యం కష్టమవుతుంది. ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. మీకు ఇంత గట్టిగా రాస్తున్నది ఆమె కోసమే అనుకోండి.

మీ వీధిలో నలుగురు తీయించుకున్నారంటే నాకు ఆశ్చర్యం కలగలేదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి ముగ్గురు, మన రాష్ట్రంలో దాదాపు తొమ్మిది మంది. అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. దేశం మొత్తం మీద 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. పిల్లలు పుట్టేశాక ఆ సంచి దేనికి అంటారు. దానితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే 41 ఏళ్లకే ఒళ్లంతా వేడి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం మొదలవుతాయి. అండాశయాలు ఉంచినా కొందరికి ముట్లాగే దశ ముందే వస్తుంది. తీయించుకోవాల్సిన కారణం ఉంటే ఇవన్నీ భరించవచ్చు. కారణమే తెలియకుండా దేనికి?

మీరు వెళ్లాక ఏం జరుగుతుందో చెబుతాను, తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్లు మడవమంటారు. యోనిలోకి స్పెక్యులమ్ అనే చిన్న పరికరం పెట్టి, లైటు వేసి ముఖద్వారాన్ని చూస్తారు. కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. కాళ్లు బిగబట్టకుండా నోటితో ఊపిరి వదులుతూ ఉంటే నొప్పి తెలియదు. మొత్తం అయిదు నిమిషాల పని. లేడీ డాక్టరే చూడాలని అడిగే హక్కు మీకుంది. మీవాళ్లెవరినైనా లోపల పక్కన ఉంచమని కూడా అడగవచ్చు.

అప్పుడు చేసే పరీక్షలు మూడు రకాలు. ఒకటి వీఐఏ. మన ప్రభుత్వ కేంద్రాల్లో ఎక్కువగా చేసేది ఇదే. నూడుల్స్‌లో వేసే వెనిగర్ ఉంటుంది చూడండి, దానిలోని ఎసిటిక్ యాసిడ్‌ను 3 నుంచి 5 శాతం గాఢతతో దూదికి అద్ది ముఖద్వారానికి రాస్తారు. ఒక నిమిషం ఆగి చూస్తారు. కణాల్లో తేడా ఉన్న చోట తెల్ల మచ్చ తేలుతుంది. రెండోది పాప్ స్మియర్, చిన్న బ్రష్‌తో కణాలు తీసి ల్యాబ్‌లో చూడటం. మూడోది హెచ్‌పీవీ పరీక్ష, ఈ క్యాన్సర్‌కి మూలమైన హెచ్‌పీవీ అనే వైరస్ ఉందో లేదో చెప్పేది. ముందుగానే పట్టుకోవడంలో ఈ మూడింటిలో ఇదే మెరుగైంది. దీనికి నమూనాను ఎవరికి వారే తీసి ఇవ్వవచ్చు కూడా. సిగ్గుపడే వాళ్లకు ఇది వరమే.

వెనిగర్ పరీక్షా అని చిన్నచూపు వద్దు. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్లు 1998లో లక్షన్నర మంది స్త్రీలతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. వాళ్లలో సగం మందికి రెండేళ్లకోసారి ఈ పరీక్ష చేశారు. చేసింది డాక్టర్లు కారు, పదో తరగతి చదివి శిక్షణ తీసుకున్న ఆరోగ్య కార్యకర్తలు. పన్నెండేళ్ల తర్వాత చూస్తే ఆ సగంలో ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తక్కువ. మీరు గుమ్మంలోంచి పంపేసిన ఏఎన్ఎం రమ్మన్నది ఇలాంటి పరీక్షకే. ఏ ఇబ్బందీ లేనివాళ్లకు 30 నుంచి 65 ఏళ్ల వరకు అయిదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలన్నది మన జాతీయ కార్యక్రమంలో ఉన్నదే.

మీ విషయం మాత్రం కొంచెం వేరు. ఏ లక్షణమూ లేనివాళ్లకు చేసేది స్క్రీనింగ్. మీకు లక్షణం ఉంది. కాబట్టి స్మియర్ నార్మల్ అని వచ్చినా సరే, అనుమానంగా ఏదైనా కనిపిస్తే గానీ, రక్తం మళ్లీ కనిపిస్తే గానీ, కాల్పోస్కోపీ చేయమని అడగండి. అంటే భూతద్దం లాంటి పరికరంతో ముఖద్వారాన్ని దగ్గరగా చూడటం. తేడా కనిపిస్తే అక్కడి నుంచే బియ్యపు గింజంత ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకిపోతుందని జనం అంటారు. అది నిజం కాదు. ముక్క పరీక్ష లేకుండా ఏ క్యాన్సర్ డాక్టరూ వైద్యం మొదలుపెట్టరు.

మీకు అగనంపూడి దగ్గర. అక్కడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి టాటా మెమోరియల్ వాళ్లదే, తోటికోడలితో వెళ్తూనే ఉన్నారు కాబట్టి దారి కొత్త కాదు. విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో గైనిక్ ఓపీ ఉంది, పాత ఊళ్లో ఘోషాసుపత్రి ఉంది. ఆధార్, రేషన్ కార్డు, ఆ క్లినిక్‌లో తీసిన స్కానింగ్ రిపోర్టు పట్టుకెళ్లండి. స్మియర్‌కి రెండు రోజుల ముందు నుంచి కలవడం, లోపల మాత్రలు పెట్టుకోవడం వద్దు. నెలసరి రోజులు కాకుండా చూసుకోండి. అయితే ఇదే సాకుగా నెలలు గడిపేయకండి.

అక్కడ ఏం తేలినా, 'ఏమీ లేదు' అనే మాటకూ 'సంచి తీసేయాలి' అనే మాటకూ మధ్య చాలా మెట్లున్నాయి. ఇన్ఫెక్షన్ అయితే మందులు, అవసరమైతే మీ ఆయనకూ కలిపి. పాలిప్ అయితే అక్కడే తీసేస్తారు. క్యాన్సర్‌కి ముందు దశ మార్పు కనిపిస్తే అది తక్కువ స్థాయిదా, ఎక్కువ స్థాయిదా అని చూస్తారు. తక్కువ స్థాయివి చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో చెబుతారు. ఎక్కువ స్థాయివైతే ఆ పొరను వేడితో మాడ్చేస్తారు, లేదా లీప్ అనే సన్నని కరెంటు తీగతో కోసి తీసేస్తారు. మత్తు ఇచ్చి పడుకోబెట్టే పని సాధారణంగా ఉండదు, అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. కొన్ని వారాలు నీళ్లలాంటి ద్రవం పోతుంది, డాక్టర్ చెప్పిన నాలుగు నుంచి ఆరు వారాలు కలవకూడదు. అంతే. వైరస్ సోకిన దగ్గర నుంచి క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పది పదిహేనేళ్లు, ఒక్కోసారి ఇరవయ్యేళ్లు కూడా పడుతుంది. హెచ్ఐవీ లాంటివి ఉంటే ఇంకా తొందరగా మారవచ్చు. అంత వ్యవధి ఇచ్చే క్యాన్సర్లు చాలా తక్కువ. అయినా మన దేశంలో ఏటా 1.2 లక్షల మందికి పైగా దీని బారిన పడుతున్నారు, 80 వేల మంది దాకా చనిపోతున్నారు. నా కడుపుమంట అదే.

మీ తోటికోడలి సంగతికి వస్తాను. మూడో స్టేజి అనగానే ఇంట్లో అందరూ ఆశ వదులుకున్నట్టుంది. వదులుకోకండి. టాటా మెమోరియల్‌లోనే 3బి స్టేజిలో ఉన్న 850 మందిపై ఒక అధ్యయనం జరిగింది, 2018లో అచ్చయింది. కరెంటుతో పాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో ఇచ్చిన వాళ్లలో అయిదేళ్ల తర్వాత నూటికి 54 మంది బతికే ఉన్నారు. కరెంటు ఒక్కటే ఇచ్చిన వాళ్లలో 46 మంది. సగానికి పైగా బతుకుతున్న జబ్బును చావు కబురులా చూడకూడదు.

కానీ ఆ వైద్యానికి ఒక షరతు ఉంది. మధ్యలో ఆపకూడదు. బయటి నుంచి పెట్టే కరెంటు అయిదు వారాల పైచిలుకు ఉంటుంది. తర్వాత లోపల నుంచి పెట్టేది, బ్రాకీథెరపీ అంటారు, కొన్ని సిట్టింగులు ఉంటుంది. మొత్తం ఎనిమిది వారాల్లోపు పూర్తి కావాలి. నేను చూసిన వాళ్లలో ఎంతోమంది బయటి కరెంటు అవగానే రక్తం ఆగిపోయిందని, తగ్గిపోయిందనుకుని ఇంటికి వెళ్లిపోయారు. లోపల నుంచి పెట్టే ఆ చివరి భాగం లేకపోతే అంతకుముందు పడిన కష్టమంతా వృథా కావచ్చు. ఆవిడ మానేస్తానంటే మీరు పట్టుబట్టి తీసుకెళ్లండి. పండగలు, పెళ్లిళ్లు, పొలం పనులు, ఏవున్నా సరే.

రక్తహీనత ఉంటే కరెంటు సరిగా పనిచేయదు. హిమోగ్లోబిన్ పడిపోతే రక్తం ఎక్కిస్తామంటారు, మీ మరిదులో మీ ఆయనో వెళ్లి రక్తం ఇవ్వండి. పథ్యం పేరుతో ఆవిడను చారన్నం మీద పడేయకండి. గుడ్డు, చేప, పెరుగు, పప్పు అన్నీ తినవచ్చు, తినాలి కూడా. విరేచనాలు పట్టుకున్న రోజుల్లో మాత్రం పీచు ఎక్కువున్నవి, కారం, మసాలాలు తగ్గించి నీళ్లు బాగా తాగించండి. ఖర్చు విషయంలో ఆసుపత్రిలోని వైద్యమిత్రను కలవండి. ఎన్టీఆర్ వైద్యసేవలో, అంటే ఇదివరకటి ఆరోగ్యశ్రీలో, క్యాన్సర్ వైద్యం ఉంది.

ఇక ఆ కంచం, గ్లాసు. ఈరోజే మళ్లీ అందరి కంచాలతో కలిపేయండి. క్యాన్సర్ అంటుకోదు. పక్కన కూర్చుంటే రాదు, ఎంగిలి తింటే రాదు. బయటి నుంచి కరెంటు పెట్టించుకుని వచ్చిన మనిషి ఒంట్లో ఆ కరెంటు ఉండిపోదు. పిల్లలు ఆవిడ ఒళ్లో పడుకోవచ్చు.

నడవడిక మాట నాకు చాలా బాధ కలిగించింది. ఈ క్యాన్సర్‌కి దాదాపు అన్ని సందర్భాల్లోనూ మూలం హెచ్‌పీవీ అనే వైరస్. దాన్ని కనిపెట్టినందుకే జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ ఇచ్చారు. అది కలయిక ద్వారా సోకే మాట నిజమే. కానీ సంసారం చేసే ఆడా మగా చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు అది సోకుతుంది. జలుబు చేసినట్టు వచ్చి, నూటికి తొంభై మందిలో రెండేళ్లలోపు ఒళ్లే దాన్ని వదిలించేసుకుంటుంది. కొద్దిమందిలో మాత్రం ఏళ్ల తరబడి ఉండిపోయి క్యాన్సర్‌కి దారి తీస్తుంది. పెళ్లికి ముందు భర్తకు తెలియకుండానే సోకి, ఆయన ద్వారా భార్యకు వచ్చి, ఇరవయ్యేళ్ల తర్వాత బయటపడవచ్చు. జీవితమంతా ఒకే మనిషితో గడిపిన ఇల్లాలికీ వస్తుంది. కాబట్టి ఈ జబ్బును బట్టి ఆవిడ నడవడికనీ, మీ బావగారి నడవడికనీ, ఎవరి నడవడికనీ తేల్చలేం. రేపు మీకు పరీక్షలో హెచ్‌పీవీ ఉందని వచ్చినా ఇదే మాట గుర్తుపెట్టుకుని మీ ఆయనతో మాట్లాడండి. ఆ రక్తపు మరక సంగతి ఆయనకు ఈ రాత్రే చెప్పండి. ఆసుపత్రికి తోడు రావాల్సిన మనిషికి తెలియకపోతే ఎలా?

మీ ఇద్దరికీ రక్తసంబంధం లేదు కదా, ఆవిడకు వచ్చింది కాబట్టి మీకూ వస్తుందన్న భయం వద్దు. ఉన్నా కూడా ఇది వంశంలో దిగే జబ్బుల్లో ముఖ్యమైంది కాదు.

పాపకు టీకా వేయించండి. మీరు భయపడుతున్నది ఖమ్మం సంగతి విని కావచ్చు. 2009లో అక్కడ ఆడపిల్లలకు ఈ టీకా ఇచ్చే కార్యక్రమం జరిగింది. కొందరు పిల్లలు చనిపోవడంతో గొడవై 2010లో ఆపేశారు. విచారణలో ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు తేలలేదు. నీళ్లలో మునగడం, పురుగుమందు, ఇలాంటి కారణాలు బయటపడ్డాయి. కానీ తల్లిదండ్రుల్ని సరిగా అడగకుండా హాస్టల్ వార్డెన్ల సంతకాలతో టీకాలు వేసిన మాట నిజం. ఆ తప్పును నేను చిన్నది చేయను. గిరిజన పిల్లల తల్లిదండ్రులకు కూడా మీలాగే అడిగి తెలుసుకునే హక్కు ఉంది. అందుకే మీకు అన్నీ చెబుతున్నాను. ఈ టీకాలో బతికున్న వైరస్ లేదు, దాని పైతొడుగు లాంటి ప్రొటీన్ మాత్రమే ఉంటుంది. చేయి నొప్పి, కొంచెం జ్వరం రావచ్చు. ఆ వయసు పిల్లలు కొందరు సూది భయానికి కళ్లు తిరిగి పడిపోతారు, కాబట్టి వేశాక పావుగంట కూర్చోబెట్టాలి. ఇంగ్లండ్‌లో 12, 13 ఏళ్లకు ఈ టీకా వేయించుకున్న అమ్మాయిల్లో ఈ క్యాన్సర్ 87 శాతం తగ్గింది. పిల్లలు పుట్టరన్నది పుకారే. 9 నుంచి 14 ఏళ్ల లోపు ఆరు నెలల తేడాతో రెండు డోసులు ఇస్తారు. ఒక్క డోసు కూడా మంచి రక్షణ ఇస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి చెబుతోంది. 15 దాటితే మామూలుగా మూడు డోసులు, అందుకే ఇప్పుడే వేయించమంటున్నాను. మన దేశంలో తయారైన సెర్వావాక్ ఉంది, గార్డసిల్ ఉంది. ముందు ఏఎన్ఎంని అడిగి, ప్రభుత్వం తరఫున దొరుకుతుందేమో చూసి తర్వాత ప్రైవేటుకి వెళ్లండి. టీకా వేయించుకున్నా మీ పాప కూడా ముప్పై దాటాక పరీక్ష చేయించుకోవాల్సిందే.

చివరగా మీ అత్తగారు. ఆవిడకు 61 అన్నారు, ఎప్పుడూ ఏ పరీక్షా చేయించుకున్నట్టు లేదు. 65 వరకు ఈ పరీక్ష ఆవిడకూ వర్తిస్తుంది. ముట్లు ఆగిపోయినవాళ్లు ఇక మాకేం వస్తుందిలే అనుకుంటారు, అలా అనుకున్నవాళ్లే ఆలస్యంగా వస్తారు. ఆవిడతో వాదించకండి. ఏఎన్ఎంకి మీరే ఫోన్ చేసి రమ్మనండి, వచ్చినప్పుడు లోపలికి పిలిచి కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి. అత్తగారి పేరు రాయించి, పరీక్ష రోజున పక్కనే మీరుండి తీసుకెళ్లండి.